ఫిడేలు పలకను, తీగెలను శుభ్రపరచుట

ఆళ్లగడ్డనుండి ఒక సోదరి గతమాసమున నాకొక లేఖ వ్రాసినారు. వారి యత్తగారు వాయించిన ఫిడేలు ఇరువదియేండ్లుగా పెట్టెలోనే పడియున్నదట. ఇప్పుడు వారి పదియేండ్ల కూతురు ప్రతి యాదివారము నంద్యాలకు పోయి ఫిడేలు నేర్చుకొనుచున్నది. నాయనమ్మ వాద్యముపైననే నేర్వవలెనని పిల్ల పట్టుపట్టగా పెట్టె తెరచి చూచిరి. వ్రేళ్ళు నడచు నల్లపలకమీద జిడ్డు పేరుకొని యున్నది. కమాను తగులు చోట తీగెలపై తెల్లని పొర యొకటి గట్టిపడియున్నది. "మందుల దుకాణములో దొరకు స్పిరిటు పోసి తుడిచినచో నొక్క నిమిషములో పోవునని పొరుగువారు చెప్పుచున్నారు. పోయవచ్చునా?" అని వారి ప్రశ్న.

పోయరాదు. ఈ యొక్క మాట వెంటనే జాబు వ్రాసి పంపితిని. కారణములను మాత్రము ఈ పుటలలో చెప్పుటకు నిలిపియుంచితిని. ఏలయన, ఇట్టి పెట్టెలు మన యిండ్లలో నింకను పెక్కు గలవు. వానిని తెరచు దినము వచ్చినపుడు చేతికందిన సీసాతో శుభ్రము చేయబోవు చేతులును గలవు. అట్టి చేతులలో నావియు నుండెను.

పదునైదేండ్ల క్రిందటి మాట. దసరా ముందు మా తల్లిగారి ఫిడేలును శుభ్రపరుపబూని, దూదిని స్పిరిటులో ముంచి తీగెలమీద రాచితిని. తీగెలు తళతళ మెరసినవి. నేను మురిసిపోవుచుండగనే దూదినుండి రెండు చుక్కలు జారి, నల్లపలక చివర, ఫిడేలు మేనిమీద పడినవి. తత్తరపడి కొంగుతో తుడిచితిని. తుడిచినచోట తేనెరంగు వార్నీషు మెత్తబడి, కొంగున కంటుకొని లేచి వచ్చినది. ఆ చుక్కల నట్లే ఆరనిచ్చియుండినచో మచ్చ చిన్నదిగా నుండెడిదని తరువాత తెలిసినది. నా తుడుపువలననే అది అరచేయి వెడల్పయ్యెను. మా తల్లిగారు చూచి యేమియు ననలేదు. ఫిడేలు పెట్టెలో పెట్టి మూత వేసిరి. ఆ మౌనము నాకు నేటికిని గుర్తున్నది.

ఫిడేలు వార్నీషు స్వభావ మెరుగకపోవుటయే నా తప్పు. లక్క మొదలగు జిగురులను స్పిరిటులోనే కరగించి పూయు వార్నీషు లనేకము గలవు. దేనిలో కరగినదో దానిని మరల తాకించినచో మరల కరగును గదా! నూనెతో కాచిన వార్నీషు కొంత తాళునందురు గాని, మన చేతిలోని వాద్యమున కే వార్నీషున్నదో మన కెట్లు తెలియును? కావున స్పిరిటు, కిరోసిను, టర్పెంటైను, గోళ్లరంగు తీయు ద్రావకము, బల్లలకు పూయు పాలీషు: ఇవి యేవియు ఫిడేలు పెట్టె దరిదాపులకు రాకూడదు.

నీరును మిత్రము గాదు. ఫిడేలు చెక్కలను కలుపు జిగురు పశుచర్మమునుండి కాచి తీసినది. చెక్కకు హాని లేకుండ విప్పి మరల అతికించుటకు వీలుగా పనివారు దానినే వాడుదురు. తేమయు వేడియు తగిలినచో ఆ జిగురు వీడును. నల్లపలకను మెడకు పట్టియుంచునదియు నా జిగురే.

ఇంత సుకుమారమైన వాద్యము మనదెట్లయ్యెనని యడుగుదురేమో. ఇది ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములైన బాలుస్వామి దీక్షితులు (1786–1859) చెన్నపట్టణమున ఒక ఐరోపా వాదకునివద్ద దీనిని నేర్చి, మన సంగీతమున కలవరచిరి. పిమ్మట నది మన కచేరీలలో గాత్రమునకు నీడవంటిదైనది. తెలుగునాట విజయనగరమున 1919లో సంగీతపాఠశాల వెలసినపుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అందు ఫిడేలు నాచార్యులైరి. 1936లో ఆ పాఠశాలకే అధ్యక్షులైరి. ఆ విజయనగరమునకే చెందిన అవసరాల కన్యాకుమారిగారు 2016లో సంగీత కళానిధి బిరుదమునందిరి. ఆ బిరుదము పొందిన ఫిడేలు విదుషీమణులలో వారే మొదటివారు. ఆళ్లగడ్డ చిన్నది పట్టుపట్టుటలో వింత యేమున్నది?

వాద్య మొక్కటే యైనను మనము వాయించు తీరు వేరు, మురికియు వేరు. సీమవారు నిలుచుండియో, కుర్చీలో కూర్చుండియో గడ్డమునకును భుజమునకును నడుమ ఫిడేలు నిరికించి వాయింతురు. మనము నేలపై కూర్చుండి, ఫిడేలు తలను కుడిపాదముపై నానించి, ఎడమచేతిని మెడపై స్వేచ్ఛగా జారవిడుతుము. గమకములకు వ్రేలు తీగెపై జారవలెను. అందులకై మనవారు వ్రేలికొనలకు కొబ్బరినూనె రవ్వంత రాచుకొందురు. సీమవాద్యపు పలకమీద చెమటయు చర్మపు జిడ్డును మాత్రమే యుండును. మన పలకమీద వానికి తోడు కొబ్బరినూనె యుండును. ఆ నూనె 24 డిగ్రీల సుమారున కరగునది. కావున నంద్యాలలో వైశాఖమున నీరువలె పారును. పుష్యమాసపు వేకువను మైనమువలె పేరుకొనును. సీమవారు వ్రాసిన శుభ్రతావిధానములలో ఈ నూనె ప్రసక్తియే యుండదు. వానిని చదివి యథాతథముగ నాచరించిన మనకు చిక్కులు కలుగుట అందువలననే.

రెండవ మురికి రోజిను. సరళవృక్షపు జిగురునుండి టర్పెంటైను తీయగా మిగిలిన గట్టిముద్ద యిది. కమాను వెంట్రుకలకు దీనిని రాచినగాని తీగె పలుకదు. వాయించునపుడు దీని పొడి రాలి తీగెలమీదను, వాని క్రింద మేనిమీదను పడును. రోజినుకు గరుకుదనమే ప్రాణము; నూనెకు జారుడుతనమే గుణము. ఈ రెండును కలిసినచో బంకపిండి యగును. కమాను జారిపోవును, తీగె కీచుమనును, పిల్ల తన చేయి మంచిది కాదని కుములును. పలకమీది నూనె పలకమీదనే యుండవలెను. కమాను నడచు మేరకు అది పోరాదు. కమాను వెంట్రుకలను వ్రేళ్ళతో తాకరాదు.

చెల్లో యను పెద్దవాద్యము గలవారును తెలుగునాట నుందురు. సినిమా సంగీతమున దాని గంభీరనాదమును వినని వారెవ్వరు? ఫిడేలు తీగె సుమారు 13 అంగుళములు పలుకగా, చెల్లో తీగె 27 అంగుళములు పలుకును. దానిని నిలువుగా నేలకానించి వాయించుటచే రోజినుపొడి తిన్నగా మేనిమీదికే జారును. తీగెలు లావు గనుక రోజిను పొరయు లావుగా నుండును. తక్కిన విధులన్నియు నొక్కటే.

ఇక మన ప్రాంతపు దుమ్ము సంగతి. నంద్యాల చుట్టును నల్లరేగడి చేలు. వేసవిగాలికి ఆ మన్ను సన్నని పొడియై తలుపుసందులలోనుండి వచ్చును. ఆళ్లగడ్డలో నింకొకటి కలదు. అది శిల్పుల యూరు. దేవతావిగ్రహములు చెక్కు పనిచోట్లనుండి రాతిపొడి లేచి పరిసరపు టిండ్లలో వ్రాలును. లేఖ వ్రాసిన సోదరి యిల్లట్టి వీథిలోనే యున్నదట. రాతిపొడి జిడ్డుపలకమీద పడినచో సానపట్టు పిండితో సమానము. దానిని గుడ్డతో నొక్కి రుద్దినచో మురికి పోవుటకు మారుగా వార్నీషుపై గీతలు పడును. కావున గుడ్డకు ముందు కుంచె. బొమ్మలకు రంగులు వేయు మెత్తని కుంచె, క్రొత్తది, రంగు తగులనిది యొకటి కొని ఫిడేలు పెట్టెలో నుంచుడు. దానితో తీగెల క్రిందను, పలక చివరను, బ్రిడ్జి యనబడు చిన్న చెక్కవంతెన చుట్టును మెల్లగా దులుపుడు. నోటితో నూదకుడు, తుంపరలు పడును.

పనికి పూనుటకు ముందు చేతులు కడిగి బాగుగా ఆరనిండు. ఉంగరములు తీసివేయుడు, గాజులను మోచేతివైపునకు త్రోసి యొక గుడ్డతో కట్టుకొనుడు. చాపమీద దుప్పటి నాలుగు మడతలుగా పరచి, ఫిడేలును దానిపై నుంచుడు. బల్లమీద వలదు. చాపమీదనుండి జారినను పడుటకు దూరముండదు.

గుడ్డలు రెండు కావలెను: ఒకటి రోజినుకు, ఒకటి నూనెకు. పలుమారు ఉతికి మెత్తబడిన నూలుపంచె చాలును. సిల్కు, నైలాను గుడ్డలు మురికిని పీల్చవు. ఒకదానికి ఎఱ్ఱదారముతో అంచు కుట్టుడు. పిల్లలకు సులువుగా గుర్తుండును. ఈ రెంటిని తారుమారు చేయకుండుటయే ఈ పనిలో సగము. నూనెగుడ్డను సబ్బుతో ఉదికి మరల వాడవచ్చును. రోజినుగుడ్డ ఉదికినను బంక విడువదు. దానిని పారవైచి క్రొత్త ముక్క తెచ్చుకొనుటయే మేలు.

రోజినుగుడ్డతో ఒక్కొక్క తీగెను చుట్టి పట్టుకొని, బ్రిడ్జికిని పలక చివరకును నడుమ ముందు వెనుకలకు మెల్లగా లాగుడు. తీగె కిచకిచలాడును, భయపడవలదు. నాలుగైదు మారులకు ఆ ధ్వని సన్నగిల్లును. బ్రిడ్జిని మాత్రము ప్రక్కకు త్రోయకుడు. అది జిగురుతో అతుకబడినది కాదు; తీగెల బిగువుచేతనే నిలిచియున్నది. పొర యింకను పోకున్నచో చాకుతోను గోటితోను గీకకుడు. సీసాకు మూతగా వాడు బెండుముక్కతో తీగెను రాచినచో చాలవరకు రాలును. రాలిన పొడిని కుంచెతో దులిపి, మేనిమీద మిగిలినదానిని ఆ గుడ్డతోనే తేలికగా తుడువుడు. ఈ తుడుపు నానాటికి చేయవలసినది. పలుదినములు విడిచినచో మన యెండలకు రోజిను మెత్తబడి వార్నీషున కతుకును; పిమ్మట దానిని తీయుట పనివానికి గాని సాధ్యము కాదు.

నల్లపలక కథ వేరు. మంచి ఫిడేలునకు పలక ఎబొనీ యను నల్లచేవ మ్రానితో చేయబడును. మన నల్లమలలో బీడీల కాకులిచ్చు తునికిచెట్టు ఆ జాతిలోనిదే. ఆ మ్రాను సహజముగానే నలుపు, గట్టిది, దానికి వార్నీషుండదు. చవుక ఫిడేళ్ళకు మాత్రము తెల్లచెక్కకు నల్లరంగు వేసి యెబొనీ యనిపింతురు. అట్టిదానిపై స్పిరిటు తగిలినచో నలుపు గుడ్డకు వచ్చును, తెలుపు పలకకు వచ్చును! మనది యేదో తెలియనంతవరకు రంగుపలకయే యని తలచి మెలగుట క్షేమము.

నూనెగుడ్డను రెండంగుళముల పట్టెగా మడిచి తీగెల క్రిందుగా దూర్చి, రెండు కొనలు పట్టుకొని, పలక పొడుగునను నెమ్మదిగా లాగుడు. తీగెలను పైకెత్తి బలవంతము చేయవలదు. పొడిగుడ్డకే జిడ్డు పెక్కుభాగము పోవును. మొండిజిడ్డున్నచో గుడ్డమూలను నీటిలో తడిపి, అరచేతిపై నొత్తిన తడి యంటనంతగా పిండి, పలకమీద మాత్రము తుడిచి, వెనువెంట పొడిగుడ్డతో నారబెట్టుడు. తీగెలను వ్రేళ్ళు నడచు మేర నూనెగుడ్డతోనే పైనుండి క్రిందినుండి తుడువుడు. పలకమీద తీగెల క్రింద గాడులు కనబడినచో అవి మురికి కాదు, ఉక్కుతీగెల కోతలు. వానిని చిత్రికపట్టి సరిచేయుట పనివాని కార్యము.

పలక మెరయునని మరల కొబ్బరినూనె పూయు సోదరీమణులు గలరు. వలదు. బిరడలు బిగుసుకొన్నవని వానికిని నూనె చుక్క వేయువారు గలరు. అది మరియు వలదు. బిరడ జారినచో శ్రుతి యొక్క క్షణము నిలువదు.

ఈ సోదరి విషయమున నాకొక నవ్వును, నొక విచారమును గలిగినవి. ఇరువదియేండ్లు పెట్టెలో నున్న తీగెలను శుభ్రపరుచుటకై వారు స్పిరిటు కొనబోయిరి. ఆ తీగెలు శుభ్రపడినను పలుకవు. పాతచెమటలోని ఉప్పు పైచుట్టును తినివేసియుండును. తీగె లావు ఒకచోట నొకరీతిగ నుండి, శ్రుతి తప్పును. పిల్ల వ్రేలు సరియైన స్థానమున పెట్టినను అపస్వరమే పలుకును. ఆ తీగెలను మార్చవలసినదే. తీగెలు కొద్దిపాటి వ్యయముతో దొరకును. అత్తగారి వాద్యపు మేను ఎంత వ్యయపరచినను దొరకదు. పారవేయవలసినదానికొరకు దాచుకొనవలసినదానిని అపాయమున పెట్టుట యెందులకు?

అయితే మార్చునపుడు నాలుగు తీగెలను ఒక్కమారు విప్పరాదు. విప్పినచో బ్రిడ్జి పడును. దానితో పాటు లోపల మేనిపలకకును వెన్నుపలకకును నడుమ ఊరక నిలిపిన సౌండుపోస్టు అను చిన్న కొయ్యయు పడును. ఫ్రెంచివారు ఆ కొయ్యను ఆత్మ యని పిలుతురట. దానిని మరల నిలుపుటకు వంకరయినుప సాధన మొకటియు, తెలిసిన చేయియు కావలెను. ఒక తీగె విప్పి, క్రొత్తది కట్టి, కొంత బిగించిన పిమ్మటనే రెండవదానిని ముట్టవలెను. మొదటిమారు గురువుగారి యెదుటనే చేయించుట మంచిది.

ఎండుగడ్డి రంగున నున్న పేగుతీగెలకు నీరును స్పిరిటును రెండును పనికిరావు. పొడిగుడ్డయే వానికి గతి. ఉక్కుతీగెలకు కొందరు విద్వాంసులు స్పిరిటు వాడుట నేనెరుగుదును. వారు సీసాను వేరొక గదిలో నుంచి, గుడ్డమూలను చెమ్మగిల్లునంత మాత్రమే తడిపి, ఫిడేలు మేనినంతయు మందపుగుడ్డతో కప్పి చేయుదురు. దీపమున్న గదిలో చేయరు. నేను మాత్రమా సాహసము మరల చేయను. పొడిగుడ్డకు లొంగని తీగెను మార్చివేయుదును.

దసరా వచ్చుచున్నది గనుక మరియొక మాట. సరస్వతీపూజనాడు వాద్యములకు గంధము, పసుపు, కుంకుమ పెట్టుట మన యాచారము. తడిపసుపు చెక్కపొరలలో నింకినచో పోదు. కుంకుమ తీగెచుట్ల సందులలో చేరును. తడిసిన పూలదండ రాత్రియంతయు వార్నీషుమీద నున్నచో తెల్లని మరక వేయును. మా యింట ఆ మచ్చ పడిననాటినుండి ఫిడేలు పెట్టెమూతకు బొట్టు పెట్టి, దండ వేసి, ఫిడేలును పట్టుగుడ్డపై తెరచియుంచి నమస్కరించుచున్నాము. సరస్వతీదేవి యిందులకు కోపించినట్లు నాకు కనబడలేదు.

వీణ గల సోదరీమణులు ఈ విధులను వీణకు వర్తింపజేయకుడు. వీణమెట్లు మైనముపై నిలుపబడినవి. కిరోసినును టర్పెంటైనును మైనమును కరగించును. మన వేసవి వేడికే అది మెత్తబడుచుండును. వీణ సంగతి వేరుగా వ్రాసెదను.

ఆళ్లగడ్డ సోదరికి: స్పిరిటు సీసా కొని తెచ్చియున్నచో మందులపెట్టెలో నుంచుడు, మోకాలు కొట్టుకొన్నపుడు పనికివచ్చును. ఈ శనివారము కుంచెతో దుమ్ము దులిపి, పైని చెప్పిన రీతిగ పొడిగుడ్డలతో తుడువుడు. జిడ్డు పూర్తిగ పోకున్నను అంతటితో నిలుపుడు. ఆదివారము నంద్యాల బస్సులో ఫిడేలుపెట్టెను ఎండతగులు కిటికీప్రక్క నుంచక, పిల్ల యొడిలోనే యుండనిండు. క్రొత్త తీగెల జత యొకటియు, గుడ్డలు రెండును పెట్టెలో నుంచి పంపుడు. ఎఱ్ఱ అంచు గుడ్డ దేనికో పిల్లనే యడిగి, ఆమె చెప్పినపిమ్మట మూత వేయుడు.